చెక్కకీ టైలుకీ నడుమ

తళతళ పథకం వచ్చేదాకా మా చినరేవులో నేల గురించి ఎవరూ ఆలోచించలేదు. నేల కింద ఉంటుంది, మనుషులు పైన ఉంటారు, ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. అలా సాగిపోతున్న రోజుల్లో, ప్రతి ప్రభుత్వ కార్యాలయంలోనూ తెల్లటి టైల్సు పరవాలనీ, తనిఖీకి వచ్చిన అధికారి వంగి చూస్తే తన ముఖం తనకు స్పష్టంగా కనబడాలనీ ఉత్తర్వులు వచ్చాయి. పరిపాలనలో పారదర్శకత పెంచడానికట. పారదర్శకత అంటే అవతలివైపు కనబడడం కదా, తన ముఖం తనకే కనబడితే దాన్ని అద్దం అనాలి కదా అని నాకు అనుమానం వచ్చింది. కానీ అనుమానాలు వెలిబుచ్చే స్థాయి జీతం కాదు నాది.

నేను గ్రంథపాలకుణ్ణి. మా గ్రంథాలయం రేవు బంగళా మేడ మీద ఉంది. ఓడలు వచ్చే కాలంలో ఎవరో దొర కట్టించుకున్న బంగళా అది. కింద అంతస్తులో ఇంజినీరింగు శాఖవారి సబ్‌డివిజన్ ఆఫీసు. ఆ ఆఫీసు నడవలోంచే మాకు మెట్లు. పైన హాలు నేలంతా టేకు చెక్క. దూలాల మీద పరిచిన పాతకాలపు చెక్కలు, అడుగు వేస్తే కాస్త ఊగుతాయి, కిర్రుమంటాయి. ఎవరి కిర్రు వాళ్లది. తల ఎత్తకుండానే ఎవరొచ్చారో చెప్పగలను. రిటైరైన వైర్‌లెస్ ఆపరేటర్ గుత్తుల ధర్మారావు గారు వస్తే రెండు పొడుగు కిర్రులు, ఒక పొట్టి కిర్రు. ఆయన ఉద్యోగం మానేసినా ఉద్యోగం ఆయన్ని మానలేదు.

చప్పుడే లేకుండా వచ్చే మనిషి ఒక్కతే, మైలపల్లి పోలేశ్వరి. ఏ చెక్క మాట్లాడుతుందో, ఏది మాట్లాడదో ఆ అమ్మాయికి తెలుసు. నలుగురూ చదువుకునే చోట చప్పుడు చేయకూడదని అంత జాగ్రత్త. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి అసిస్టెంట్ ఇంజినీరు పరీక్షకి తయారవుతోంది. వాళ్ల ఇల్లంటే ఒక గది. అందులో వలలు, నాయనమ్మ, టీవీ, ఇద్దరు తమ్ముళ్లు, వాళ్ల పేచీలు. అందుకని పొద్దున్నే వచ్చి సముద్రం వైపు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటుంది.

"ఈ బల్లే గానీ లేపోతే నాకు ఉజ్జోగం రాదండి మాస్టారూ," అనేది.

నేను ఆ మాట గట్టిగా నమ్మాను. ఆ ఊళ్లో అలాంటి బల్లలు ఇంకెక్కడా లేవు.

ఒకరోజు కింద ఆఫీసు డీఈ వేగిరాజు గారు టేపు పట్టుకుని పైకొచ్చారు. పెద్దమనిషి, కడుపులో కల్మషం లేదు. చెక్కల మీద కాసేపు పైకీ కిందకీ ఊగి చూశారు.

"ఇదండీ చిక్కు," అన్నారు. "చెక్క ఊగుద్ది. టైలు ఊగదు. రెంటినీ నేరుగా అతికిచ్చేమనుకోండి, మీ ధర్మారావు గారు నాలుగడుగులేస్తే టపటపా పగిలిపోద్ది. మజ్జిలో పెళ్లిళ్ల పేరయ్య లాంటి పొర ఒకటుండాలండి, ఇటూ అటూ సర్దిచెప్పడానికి."

"ఏం పొరండీ?"

"ఏముందండీ. చెక్క ఊగకుండా ముందు ప్లైవుడ్ బిగించి, దాని మీద సిమెంటు బోర్డు మరలేసి, పైన జిగురుతో టైలు అతికిస్తే సరి. మా అత్తారింట్లో మేడ మీద నేనే దగ్గరుండి ఏయించేను. ఇప్పటికీ చెక్కుచెదర్లేదండి, ఆయ్."

"అయితే ఇక్కడా అదే వేయించండి."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "అది ఇల్లండి బాబూ. ఇది ఆఫీసు. ఇంట్లో అయితే టైలేస్తాం. ఆఫీసులో ఐటం ఏస్తాం. రేట్ల పుస్తకంలో చెక్క మీద టైలు అనే ఐటమే లేదు."

"పెట్టించండి."

"పెట్టాలంటే అది ముందు ఎక్కడో ఒకచోట ఏసుండాలండి. ఏస్తేనే గదా రేటొచ్చేది. రేటొస్తేనే గదా ఏసేది."

ఇంత చక్కటి సూత్రాన్ని నేను ఏ వేదాంత గ్రంథంలోనూ చూడలేదు. మావి అన్నీ పాత గ్రంథాలే అనుకోండి.

మర్నాడు హాలుకి తాళం పడింది. తలుపు మీద బోర్డు పెట్టారు: "మధ్య పొర నిర్ణయమగు వరకు పాఠకులకు ప్రవేశము లేదు." ధర్మారావు గారు బంగళా బయట అరుగు మీద దినపత్రిక పరుచుకున్నారు. పోలేశ్వరి ఆయన పక్కన పుస్తకాలు పెట్టుకుంది. గాలి ఒక్కొక్క పేజీనీ తనకి నచ్చినప్పుడల్లా తిప్పేది. పరీక్ష దగ్గరపడుతోంది. నాకు ఒళ్లు మండింది. మండి ఏం చేశానంటే, పైవారికి ఒక విజ్ఞప్తి పంపుకున్నాను. అది చూసి పైవారు వెంటనే స్పందించి ఒక కమిటీ వేశారు. ఆ పాపం కొంత నాది కూడా.

మధ్య పొర ఎంపిక ఉన్నత స్థాయి సంఘం మా హాల్లోనే సమావేశమైంది. జిల్లా కేంద్రం నుంచి సూపరింటెండింగ్ ఇంజినీరు భైరవభట్ల గారు అధ్యక్షత వహించారు. ఆయన గొంతు ఎప్పుడూ జీవోలా ఉంటుంది, పేరాల మధ్య ఖాళీతో సహా. పురాతన కట్టడాల శాఖ నుంచి ఒకాయన వచ్చి కూర్చుంటూనే, "చెక్క తీయరాదు. ఒక్క మేకు కూడా పీకరాదు," అని చెప్పి జీడిపప్పు పళ్లెం దగ్గరకు లాక్కున్నాడు. ఆయన కర్తవ్యం అంతటితో పూర్తయింది.

"ప్రత్యామ్నాయములను పరిశీలింతము," అన్నారు భైరవభట్ల గారు.

వేగిరాజు గారు రేట్ల పుస్తకం తెరిచారు. "ప్లైవుడ్ ఉందండి. కాపోతే ఫర్నిచరు అధ్యాయంలో ఉంది."

"అనగా ప్లైవుడ్ పరచిన యెడల నేల ఫర్నిచరగును. ఫర్నిచరుపై బూట్లతో నడచుట క్రమశిక్షణా రాహిత్యము. తదుపరి?"

"తారు షీటండి. కప్పుల అధ్యాయం."

"అట్లయిన నేల కప్పగును. కప్పుకు వాన పరీక్ష చేయవలెను. హాలులో వాన కురిపించుట ఎట్లు? తదుపరి?"

"సిమెంటు బోర్డండి. పార్టిషన్ గోడల అధ్యాయంలో ఉంది."

భైరవభట్ల గారు కళ్లజోడు తీశారు. "గోడ అన్నచో నిలబెట్టవలెను. పడుకోబెట్టిన గోడను శాఖ ఎన్నడునూ ఆమోదించి యుండలేదు. పడిపోయిన గోడలకు మాత్రము విచారణ జరిపించి యున్నది."

అందరూ తలలూపారు. నేను కూడా ఊపాను. ఆ గదిలో తల ఊపకుండా ఉండడం కష్టం, నేల కూడా ఊగుతోంది.

"ఇక మిగిలింది టైల్సు నేల అధ్యాయమేనండి," అన్నారు వేగిరాజు గారు. ఆ పేజీలో ఆమోదిత చిత్రం ఒకటి ఉంది. అట్టడుగున మట్టి, దాని మీద ఇసుక, దాని మీద కాంక్రీటు, దాని మీద సిమెంటు సున్నం, అన్నిటి మీదా టైలు.

భైరవభట్ల గారు చిత్రాన్ని చూశారు. చెక్కను చూశారు. మళ్లీ చిత్రాన్ని చూశారు. "మట్టి ఏది?" అని అడిగారు.

మేడ మీద మట్టి లేదన్న సంగతి అంతవరకు ఎవరి దృష్టికీ రాలేదు.

"చెక్క మీద మట్టి పోస్తే దూలాలు ఇరుగుతాయండి," అన్నారు వేగిరాజు గారు భయంభయంగా.

"చెక్క మీద పోయమని ఎవరు చెప్పిరి? చిత్రములో మట్టి అట్టడుగున యున్నది. కావున ఇక్కడ కూడ అట్టడుగుననే యుండవలెను. క్రింది అంతస్తును మట్టితో నింపుడు. పైభాగమున ఇసుక పోయుడు. అది చెక్కను తాకగానే చిత్రము నెరవేరును."

"చెక్క సంగతేంటండి? చిత్రంలో చెక్క లేదు గదండి."

"చెక్క విషయమున చిత్రము మౌనము వహించినది. మౌనము అర్ధాంగీకారము. కాంక్రీటుకు బదులుగా చెక్కను కాంక్రీటుగా భావించడమైనది అని వ్రాయుడు."

నేనిక ఆగలేకపోయాను. "అయ్యా, కింద నింపేస్తే పైకి రావడానికి మెట్లుండవు. మెట్లు కింద ఆఫీసులోనే ఉన్నాయి."

ఆయన నన్ను మందలించలేదు. మందబుద్ధి పిల్లవాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పారు. "గ్రంథపాలకా, క్రింద మట్టి నిండిన పిమ్మట ఇది నేలంతస్తు అగును. నేలంతస్తుకు మెట్లెందుకు?"

జీడిపప్పు ఆయన చప్పట్లు కొట్టాడు.

సమావేశం అయ్యాక వేగిరాజు గారిని పక్కకి లాగాను. "మీరేంటండీ, నోరు మెదపలేదు? కింద ఉన్నది మీ ఆఫీసే కదా!"

"నేనెలా అంటానండీ? నేను సాంకేతికాధికారిని. అభ్యంతరం చెప్పాల్సింది కింద ఉన్న ఆఫీసోళ్లు."

"కింద ఉన్నది మీరే కదండీ!"

"అందుకే ఆళ్లకి లెటరు రాస్తున్నానండి. ఆళ్ల అభిప్రాయం తెలుసుకోకుండా ముందుకెల్లం," అన్నారు.

అలాగే రాశారు కూడా. ఉత్తరం తపాలా సెక్షన్‌కి వెళ్లి, ముద్ర వేయించుకుని, గుమ్మం బయటికి వెళ్లి, లోపలికి వచ్చి ఆయన బల్ల మీదే పడింది. ఆయన కళ్లజోడు మార్చుకుని చదివారు. చాలాసేపు ఆలోచించారు. ఆ రెండో హోదాలో ఆయన ముఖంలో నిజంగానే కొంత కోపం కనబడింది. కానీ అభ్యంతరం చెబితే మొదటి హోదాలో ఉన్నాయన ఏమనుకుంటాడో! ఆయనకి పైవాళ్ల దగ్గర పలుకుబడి ఉందని విన్నారు. చివరికి "ఈ ఆఫీసుకు అభ్యంతరము లేదు" అని సంతకం పెట్టి తిప్పి పంపారు. జవాబు అందుకున్నాక, "ఎంత మంచోళ్లండీ, ఒక్క మాటనలేదు," అని నాతో మెచ్చుకున్నారు.

సబ్‌డివిజన్ ఆఫీసు బజారులో టైల్సు కొట్టు మీద గదిలోకి మారింది. కింద తలుపులకీ కిటికీలకీ ఇటుకలు కట్టి, పైనున్న గాలికంతల్లోంచి మట్టి పోయడం మొదలుపెట్టారు. లారీల వెనక లారీలు. ఫ్యాన్లు విప్పడం మర్చిపోయారు. మట్టి రెక్కల దాకా వచ్చినప్పుడు ఒక ఫ్యాను కాస్త తిరిగి ఆగిపోయింది. గోడ మీద శాఖాపరమైన లక్ష్యాల బోర్డు ఆఖరున మునిగింది.

ఆ సమయంలోనే చెక్క మీద సున్నం పామి టైల్సు పరిచారు. మధ్యలో ఏ పొరా లేదు. పొర ఎంపిక సంఘం ఏ పొరనీ ఎంపిక చేయలేదని అప్పటికి అందరూ మర్చిపోయారు. బీరువాల్ని ఆ పక్కకీ ఈ పక్కకీ జరుపుతూ పని కానిచ్చారు. మేస్త్రీలు బయట వెదుళ్లతో సారవ కట్టుకుని కిటికీలోంచి దిగేవారు. పని పూర్తయ్యాక సారవ విప్పుకుపోయారు.

బంగళా ముందు ఇసుక గుట్ట ఉండేది. పోలేశ్వరి దాని మీదకి మారింది. ఎండ పెరిగితే గుట్టకి ఆ వైపు, తగ్గితే ఈ వైపు. రోజూ కూలీలు ఇసుక ఎత్తి లోపల పోస్తుంటే గుట్ట తరిగిపోయేది, ఆ అమ్మాయి కిందకి జారేది.

"రేట్ల పుస్తకం సిలబస్‌లో ఉందండి మాస్టారూ," అంది ఒకరోజు, మట్టి లారీని చూస్తూ. "ఈ చిత్రం కూడా ఉందండి. బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటారు."

"గుర్తించావా?"

"గుర్తించానండి. ఎదురుగుండా కడుతుంటే గుర్తుండదేటండి?"

నవ్వుతూనే అంది గానీ, చేతివేళ్లు నలుపుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. ఒక ఆడపిల్ల చదువుకోవడానికి ఒక్క బల్ల ఇవ్వలేని ఊరికి తళతళ దేనికి?

ప్రారంభోత్సవానికి భైరవభట్ల గారు మందీమార్బలంతో వచ్చారు. సన్నాయి వాయిస్తున్నారు. రిబ్బను మేడ మీద కిటికీకి కట్టి ఉంది. కింద ఆయన నిలబడి పైకి చూశారు. పక్కనున్నవాళ్లూ పైకి చూశారు. వేగిరాజు గారి కనుసైగతో ఒక పొడుగాటి వెదురు వచ్చింది. దాని చివర కత్తెర కట్టి, తాడు లాగితే తెగేలా చేశారు. మూడోసారి లాగితే రిబ్బను తెగి ధర్మారావు గారి నెత్తిన పడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత ముఖం పరీక్ష. అధికారి తన ముఖం నేలలో చూసుకోవాలని నిబంధన. పైకి వెళ్లే దారి లేదు. అలాగని పరీక్ష మానేస్తే పథకం లెక్కలోకి రాదు. మిగిలిపోయిన టైలు ఒకటి తెచ్చి కుర్చీ మీద పెట్టారు. భైరవభట్ల గారు వంగి చూసి, జుట్టు సర్దుకుని, "సంతృప్తికరము," అన్నారు. ఆ మాట ఆయన టైలు గురించి అన్నారో, ముఖం గురించి అన్నారో తెలియలేదు.

నేను మెట్ల సంగతి మళ్లీ ఎత్తాను.

"నేలంతస్తుకు మెట్లు అడుగుచున్న గ్రంథపాలకుని మానసిక స్థితిపై నివేదిక పంపుడు," అని వేగిరాజు గారికి చెప్పి కారెక్కారు.

అలా మా గ్రంథాలయం నేల రాష్ట్రంలోనే మచ్చలేని నేలగా పేరు తెచ్చుకుంది. టైల్సు పగలలేదు. ఎవరైనా అడుగు పెడితే కదా పగలడానికి. ఏ పొరా లేకపోవడమే సరైన పొర అని శాఖవారు అన్ని జిల్లాలకూ సర్క్యులర్ పంపారు. నేను రోజూ బంగళా ముందు కుర్చీ వేసుకుని హాజరు వేసుకునేవాణ్ణి. వానలకి కింద మట్టి దిగిపోయింది. చెక్కకీ మట్టికీ మధ్య ఖాళీ వస్తే అందులో ఒక పిల్లి కాపురం పెట్టింది. ఆ సబ్‌డివిజన్ ఆఫీసులో అంత చురుగ్గా తిరిగిన ప్రాణిని నేను చూడలేదు.

పోలేశ్వరికి ఉద్యోగం వచ్చింది. ఇసుక మీద చదివి తెచ్చుకుంది. నేను ఊరంతా మిఠాయి పంచాను. పోస్టింగు మా సబ్‌డివిజన్‌లోనే. రేవు బంగళా ఆమె అధీనంలోకే వచ్చింది. ఇప్పటికి మా కష్టాలు తీరాయనుకున్నాను.

చేరిన వారానికే చేతిలో రేట్ల పుస్తకంతో తనిఖీకి వచ్చింది. అరుగు మీద అప్పటికి ధర్మారావు గారూ, కానిస్టేబులు పరీక్షకి చదువుతున్న ముగ్గురు ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్ల పేజీలు గాలి తిప్పుతోంది.

"రండి మేడం," అన్నాను లేచి.

"మీరు కూర్చోండి మాస్టారూ. మీరు లేవకూడదండి."

"బయటివైపు మెట్లు కట్టించమ్మా. చాలు."

పుస్తకం తిరగేసింది. వేగిరాజు గారు అచ్చం అలాగే తిరగేసేవారు.

"వీలుపడదండి. రికార్డులో ఇది నేలంతస్తు. నేలంతస్తు హాలుకి మెట్లు అనే ఐటం లేదండి."

"నిచ్చెన?"

"నిచ్చెన పనిముట్ల అధ్యాయంలో ఉందండి. రాకపోకలకి వాడకూడదు."

నేను కూలబడ్డాను. భైరవభట్ల గారు నా మతి మీద నివేదిక అడిగినప్పుడు కూడా నాకు అంత బాధ కలగలేదు. ఇసుక గుట్ట మీద కూర్చున్న పిల్లని కూడా ఆ పుస్తకం మింగేసిందే అనిపించింది.

ఆమె పుస్తకం మూసి దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది. "మాస్టారూ, బంగళాకి ఇంకో పక్క సముద్రం ఉంది గదండి. కోత ఎంతవరకొచ్చిందో అది కూడా నేనే తనిఖీ చెయ్యాలంట. నేను అటు తిరిగి నుంచుంటానండి. కాస్త టైము పట్టుద్ది. నాన్న మా పడవ నిచ్చెన కొబ్బరిమట్టల కింద పెట్టేసెల్లేడు. మీకేటన్నా కనబడితే నాకు చెప్పకండి."

అని బంగళాకి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి, కాగితం తీసి ఏదో రాసుకోవడం మొదలుపెట్టింది.

కొబ్బరిమట్టలు తీస్తే నిచ్చెన ఉంది. కిటికీకి సరిగ్గా అందింది. ఆడపిల్లలు ముందు ఎక్కి, బయటి గడియ తీసి, కిటికీ గూట్లో కూర్చున్నారు. నేనెక్కాను. ధర్మారావు గారు పంచె ఎగ్గట్టి ఎక్కి, మమ్మల్ని దాటుకుని లోపలికి దిగారు. తెల్లటి నేల మీద దుమ్ము పొర. దాని మీద మొదటి మనిషిగా ఆయన అడుగు వేశారు.

టప్. టప్. టిక్. రెండు పొడుగు, ఒకటి పొట్టి.

మూడు టైల్సు మూడు చోట్ల నిలువునా చీలాయి. ఆయన ఒంటికాలి మీద కొంగలా ఆగిపోయారు.

"ఏటండి మాస్టారూ ఆ చప్పుడు?" కింద నుంచి పోలేశ్వరి అడిగింది. తల మాత్రం తిప్పలేదు.

"కొబ్బరికాయలమ్మా!" అన్నాను కిటికీలోంచి. "ఆ రోజు ప్రారంభోత్సవానికి లోపల ఎవరూ కొట్టలేదు కదా. ఇప్పుడు కొడుతున్నాం."

ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది.

"మంచిదండి," అంది. "ఆడపిల్లల చేత కూడా ఒక్కోటి కొట్టించండి. ఆ కిటికీ పక్కన నా పాత బల్ల దాకా కొట్టుకుంటూ ఎల్లమనండి. నాకు సముద్రం ఇంకా చాలా ఉంది."

ధర్మారావు గారు ఎత్తిన కాలు దించారు. ఈసారి టైలు పగల్లేదు, పగలడానికి అక్కడ మిగల్లేదు. దాని కింద నుంచి టేకు చెక్క కిర్రుమంది.